దొరదొంగ సెయింట్: ఎక్కడ మొదలుపెట్టాలి? మా తాతయ్య పెన్సిల్ లెక్కలేంటి?

#1 అటకమీదిపెట్టె (తెనాలి)

అందరికీ నమస్కారం. పండక్కి సున్నాలేయిస్తూ అటక దులిపితే తాతయ్య రేకుపెట్టె దిగింది. ఆయన బిట్రగుంటలో రైల్వే గూడ్సు గుమాస్తా. పోయి ఇరవై ఏళ్లు దాటింది. పెట్టెలో ఒక చేతిలాంతరు, కళ్లజోడు డబ్బా, పదకొండు ఇంగ్లిష్ నవలలు ఉన్నాయి. నవలలన్నీ లెస్లీ చార్టరిస్ అనే ఆయన రాసినవే. అట్టల మీద తలపైన వలయం ఉన్న పుల్లబొమ్మ ఒకటి నడుము మీద చెయ్యేసుకుని నిలబడి ఉంటుంది. సైమన్ టెంప్లర్ అనే అతని కథలట. ముద్దుపేరు సెయింట్.

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. బొమ్మ చూసి ముచ్చటపడి, వరసలో మొదటిది కదా అని 1928లో వచ్చిన ‘మీట్ ది టైగర్’ తీసింది. నలభై పేజీలు చదివి మంచం కిందికి తోసేసింది. నేను ఈ తరహా పుస్తకాలు చదివినవాణ్ని కాదు. ఏది ముందు చదవాలో చెబుతారా? అసలితను దొంగా, డిటెక్టివా?

ఇంకో సంగతి. చాలా కథల చివర తాతయ్య పెన్సిల్ అంకెలున్నాయి. ఒకచోట 10000 అని, దాని కింద 1000 అని, దాని కింద 13333-5-4 అని. మూడు పుస్తకాల లోపలి అట్ట మీద ఉత్త 13-5-4 రాసి చుట్టూ సున్నా చుట్టారు. ఏ గూడ్సు బండి నంబరో అయ్యుంటుందని నాన్న అంటున్నారు.

#2 పాతపుస్తకాల_పిచ్చి (విజయవాడ)

పదకొండా! ముందు ఒక మాట చెప్పండి, అట్టలు పసుపు రంగువా? హోడర్ అండ్ స్టౌటన్ వాళ్ల పసుపు అట్టలైతే వాటిని ఎండలో పెట్టకండి, అంట్లు తోమే చేత్తో ముట్టుకోనివ్వకండి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాను, నాకు దొరికినవి ఆరు.

మీ అమ్మాయి తప్పేం లేదు. ‘మీట్ ది టైగర్’ రాసేనాటికి చార్టరిస్‌కి నిండా ఇరవై ఒకటి కూడా ఉండవేమో. పెద్దయ్యాక ఆయనే ఆ పుస్తకాన్ని లెక్కలోంచి తీసేశాడు, సెయింట్ అసలు మొదలైంది 1930 నాటి ‘ఎంటర్ ది సెయింట్’ నుంచే అన్నట్టు ఉండేవాడు. ఒక ఊరు, ఒక దాచిన సొమ్ము, ఒక ముసుగు దొంగ, అన్నీ ఉంటాయి గానీ ఇంకా పాకానికి రాలేదు.

ఆవిడ చేతికి ‘ది బ్రైటర్ బకనీర్’ ఇవ్వండి, 1933ది. పదిహేను చిన్న కథలు. ఒక్కోటి బస్సు దిగేలోపు అయిపోతుంది. ప్రతి కథలో ఒక మోసగాడు ఉంటాడు. అద్దెకున్నవాళ్లని పీడించే ఇంటాయన కావచ్చు, దొంగనోట్లమ్ముతానని అమాయకుల్ని ముంచేవాడు కావచ్చు. సెయింట్ తుపాకీ తియ్యడు. వాడి ఎత్తునే వాడి మీద తిప్పి, వాడి జేబుకే చిల్లు పెడతాడు. చట్టం వేలు పెట్టలేని మోసగాళ్లే అతని మేత. వాళ్లందర్నీ కలిపి ‘అన్‌గాడ్లీ’ అంటాడు, అంటే దేవుడు లేని జనం.

దొంగా డిటెక్టివా అంటే, స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ టీల్‌ని అడగండి. క్లాడ్ యూస్టస్ టీల్. పెద్ద పొట్ట, నిద్రమొహం, నోట్లో ఎప్పుడూ చూయింగ్ గమ్. సెయింట్ దొంగేనని ఆయనకి తెలుసు, సాక్ష్యం ఎన్నడూ దొరకదు. పైగా సెయింట్ ఎదురుపడ్డప్పుడల్లా ఆయన పొట్టలో వేలితో పొడుస్తాడు.

#3 నిద్రపట్టనోడు

పుల్లబొమ్మకి తలమీద వలయం గీస్తే సెయింటా? మా బళ్లో బెంచీలన్నీ సెయింట్లే అయితే.

#4 కాకతీయ_కుర్రోడు (హనుమకొండ)

అన్నా, బుక్కులు మంచిగనే ఉంటయేమో గాని నాకు సెయింట్ అంటే రోజర్ మూరే. టీవీ సీరియల్ 1962 నుంచి 69 దాక నడిచింది, 118 ఎపిసోడ్లు. మొదటి 71 బ్లాక్ అండ్ వైట్, తర్వాత 47 కలర్. మా బాబాయి దగ్గర డిస్కులుండె, టెన్త్ పరీక్షల టైంల కూసొని చూసిన. మార్కులు అడగకున్రి.

మొదలైతాంటెనే ఎవడో ఒకడు ‘సైమన్ టెంప్లర్’ అని పేరు పలుకుతడు, అంతే, తలకాయ మీద వలయం వచ్చి నిలవడతది, మూర్ పైకి చూసి నవ్వుతడు. ఆ ఒక్క నవ్వుకే పైసలు వసూలు. కారు తెల్ల వోల్వో పి1800, నంబర్ ఎస్‌టీ 1. ముందుగాల జాగ్వార్ అడిగిన్రట, వాళ్లు ఇయ్యలె. తర్వాత ఆ వోల్వో పేరే సెయింట్ కారు అయి కూసుంది. అమ్మాయికి ముందు అది చూపియ్యి, ఆమెనే బుక్ తీస్తది.

#5 గోదారిగట్టు (రాజమండ్రి)

కుర్రోడా, మూర్ గారి కనుబొమ్మ మీద నాకూ గౌరవమే. పాకీజాలో దుస్తులకిచ్చినంత గౌరవం. కానీ అది పంచదార పాకంలో ముంచిన సెయింట్. టీవీలో అతను ఊరూరా తిరిగే మంచి మర్యాదస్తుడు. ఆపదలో ఉన్న అమ్మాయి కనిపిస్తే ఆగుతాడు, నాలుగు గుద్దులు గుద్ది, టై సర్దుకుని వెళ్లిపోతాడు.

1930 నాటి పుస్తకాల్లో మనిషి అలా ఉండడు. చొక్కా చేతిలో కత్తి కట్టుకుని తిరుగుతాడు, దానికి అన్నా అని పేరు కూడా పెట్టాడు. చంపాల్సి వస్తే చంపుతాడు, చంపాక భోజనం మానడు. అతని పక్కన నలుగురు కుర్రాళ్లు, పెట్రీషియా హోమ్ అనే పిల్ల. ఆ పిల్ల పెళ్లాం కాదు, ప్రియురాలే. ఇంగ్లాండులో ఆ రోజుల్లో దాన్ని అంత తేలిగ్గా రాసిపారేయడం ధైర్యమే.

‘ది లాస్ట్ హీరో’ చదవండి, 1930. ఒక శాస్త్రవేత్త ఊళ్లని మాడ్చేసే ఆయుధం కనిపెడతాడు. సెయింట్, అతని స్నేహితులు కూర్చుని ఒక నిర్ణయానికొస్తారు: ఇది శత్రువుకి దక్కకూడదు సరే, మన బ్రిటన్ ప్రభుత్వానికీ దక్కకూడదు. హిరోషిమాకి పదిహేనేళ్ల ముందు, కాలక్షేపం నవలలో! దానికోసం వాళ్లు చెల్లించిన మూల్యం ఏంటంటే [ఇక్కడి రెండు వాక్యాలు తీసేశాను. కథ చెప్పేయకండి. ~ సమన్వయకర్త]

#6 గోదారిగట్టు

తొంభై ఏళ్లు దాటిన పుస్తకానికి కూడా గోప్యతా అండీ సమన్వయకర్త గారూ?

#7 సమన్వయకర్త

చదవబోయేది పదహారేళ్ల పిల్ల. ఆవిడకి అది ఇవాళ వచ్చిన పుస్తకమే.

#8 అటకమీదిపెట్టె

సమన్వయకర్త గారికి ధన్యవాదాలు. పిచ్చి గారూ, అట్టలు పసుపే, ఏడింటికి. మిగతావాటికి అట్టలు ఊడిపోతే తాతయ్య రైల్వే ఫారాల కాగితంతో కుట్టారు.

‘బ్రైటర్ బకనీర్’ దొరికింది. రాత్రి నాలుగు కథలు చదివి పొద్దున్నే ఇడ్లీ తింటూ ఒక ప్రశ్న వేసింది. యథాతథంగా రాస్తున్నా: “నాన్నా, ఇతనికి ఫ్లాష్‌బ్యాక్ లేదా?”

#9 కాకతీయ_కుర్రోడు

ఏం అడిగింది చెల్లె! నిజంగనే లేదు. ఎపిసోడ్లన్నీ చూసిన, అమ్మ ఎవరు, నాయిన ఎవరు, ఎందుకు గిట్ల తయారైండు, ఒక్క ముక్క చెప్పలె.

#10 గోదారిగట్టు

పుస్తకాల్లోనూ అంతే. ఇదే నేను చెప్పాలనుకున్నది, ఆ అమ్మాయి ఇడ్లీ తింటూ చెప్పేసింది.

మన సినిమాల్లో మంచి దొంగని చూడండి. ‘కిక్’లో రవితేజ కోట్లు కొట్టేస్తాడు, ఎందుకయ్యా అంటే పసిపిల్లల వైద్యానికి. ‘జెంటిల్‌మన్’లో అర్జున్ దోచేస్తాడు, దాని వెనక చదువు దక్కని కుర్రాళ్ల గుండెకోత. మనకి దొంగ నచ్చాలంటే ముందు ఏడిపించాలి. ఇంటర్వెల్ తర్వాత ఇరవై నిమిషాలు వాడి కష్టం చూపించి, జనం కళ్లు తుడుచుకున్నాక అప్పుడు వాడికి దొంగతనం లైసెన్సు ఇస్తాం. తప్పని కాదు, నేనూ ఏడ్చినవాణ్నే.

సెయింట్‌కి ఆ లైసెన్సు అక్కర్లేదు. పొద్దున లేచాడు, ఎండ బాగుంది, లండన్‌లో ఒక వెధవ ఎవరినో ముంచాడని పేపర్లో చూశాడు, టోపీ పెట్టుకుని బయల్దేరాడు. పగ లేదు, ప్రతిజ్ఞ లేదు. అతనికి అది సరదా. అంత ధీమాగా సరదాని కారణంగా చూపించిన హీరో నాకు తెలుగులో కనబడలేదు.

1997లో హాలీవుడ్ వాళ్లు వాల్ కిల్మర్‌తో సినిమా తీశారు. మొట్టమొదటి సీనే అనాథాశ్రమం! చిన్నపిల్లాడు, కొట్టే ఫాదరు, చీకటి గది. అక్కడే సెయింట్ పోయాడు, మిగిలిన రెండు గంటలూ వేరే ఎవరో మారువేషాలేసుకుని తిరిగాడు. చివర్లో కారు రేడియోలో రోజర్ మూర్ గొంతు వినిపిస్తుంది, అదొక్కటే సెయింట్.

#11 నిద్రపట్టనోడు

“పాకీజాలో దుస్తులకిచ్చినంత గౌరవం” ఇంకా అర్థం కాక నిద్రపట్టట్లేదు గట్టు గారూ.

#12 గోదారిగట్టు

చూడ్డానికి బాగుంటాయి, కథ నడిపేది అవి కాదు అని. పడుకో.

#13 సుబ్బలక్ష్మి_పిన్ని (నూజివీడు)

నాయనా గోదారిగట్టూ, “తెలుగులో కనబడలేదు” అన్నావు చూడు, అక్కడ ఆగాను. ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, ఊరుకోలేను.

దశకుమారచరిత్రలో అపహారవర్మ పేరు విన్నావా? సంస్కృతంలో దండి రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు చేసి తిక్కనకి అంకితమిచ్చాడు, అందుకే ఆయన్ని అభినవదండి అన్నారు. అంటే ఈ దొరదొంగ మన భాషలోకొచ్చి ఏడొందల ఏళ్లు దాటింది.

అపహారవర్మ రాజుగారి మిత్రబృందంలో వాడు, గొప్పింటివాడు. చంపానగరం చేరాడు. ఆ ఊరి నిండా పిసినారి ధనవంతులు. డబ్బు నిలిచేది కాదని వీళ్లకి తెలియజెప్పాలి అనుకున్నాడు. ఎలా? వాళ్లని దోచి! కర్ణీసుతుడని చౌర్యశాస్త్రానికి మూలపురుషుడొకడున్నాడు, ఆయన దారిలో నడుస్తానని బయల్దేరతాడు. చీకటి రాత్రి నల్లటి బట్ట కట్టి, కత్తి పెట్టుకుని, ఒక సంచీ సర్దుకుంటాడు. ఆ సంచీలో ఏముందో దండి జాబితా ఇచ్చాడు. గోడ తవ్వే పాములపడగలాంటి గునపం, పట్టుకారు, కొలతాడు, కన్నంలోంచి ముందుగా లోపలికి జొనిపి చూసే బొమ్మతలకాయ, మత్తుపొడి, ఇంకా ఇంట్లో దీపాలార్పడానికి తుమ్మెదల పెట్టె. మీ సెయింట్ చొక్కా చేతిలో కత్తి సరే, దీపమార్పే తుమ్మెదలున్నాయా అతని దగ్గర?

దోచింది దాచుకోడు. ఉన్నవాణ్ని లేనివాణ్ని చేసి, లేనివాళ్లకి ఉన్నది చేరుస్తాడు. కామమంజరి అనే వేశ్య ఊళ్లో చాలామందిని పిండి పిప్పి చేసి ఉంటుంది. కోరినంత బంగారమిచ్చే తోలుతిత్తి ఒకటుందని ఆవిణ్ని నమ్మిస్తాడు. షరతొకటే: అన్యాయంగా సంపాదించింది ముందు ఎవరిది వాళ్లకి తిరిగిచ్చెయ్యాలి. ఆవిడ ఆశకొద్దీ ఇచ్చేస్తుంది. మోసగత్తెని ఆవిడ ఆశతోనే కట్టేశాడు. పాతపుస్తకాల అబ్బాయి చెప్పిన పదిహేను కథల కిటుకు ఇదే కదమ్మా?

#14 పాతపుస్తకాల_పిచ్చి

పిన్నిగారూ, పాదాభివందనం. అచ్చం అదే కిటుకు. ఆ తోలుతిత్తి కథని చార్టరిస్ లండన్‌లో పెట్టి రాసుంటే వేశ్య బదులు షేర్ల బ్రోకరుండేవాడు. ఇప్పుడు మన దగ్గర అయితే రైస్ పుల్లింగ్ ముఠా. బియ్యపు గింజల్ని లాక్కునే రాగిచెంబు కోట్లు పలుకుతుందని నమ్మించి ముంచేవాళ్లు. వాళ్లకి సెయింట్ అంతకంటే మంచి చెంబే చూపించి ఉండేవాడు.

#15 గోదారిగట్టు

ఓడిపోయాను పిన్నిగారూ. మృచ్ఛకటికంలో శర్విలకుణ్ని కూడా మీరు తీసేలోపు నేనే తీస్తాను. గోడకి కన్నం పద్మంలా పెట్టాలా, సూర్యబింబంలానా, నెలవంకలానా, స్వస్తికంలానా అని ఆలోచించి, కాల్చిన ఇటుకగోడకి పూర్ణకుంభం ఆకారమే అందమని తేల్చుకుంటాడు. కొలతాడు మర్చిపోతే జంధ్యంతో కొలుస్తాడు. అయితే అతనికి కారణముంది, మదనికని దాస్యం నుంచి విడిపించుకోవాలి. అంటే ఫ్లాష్‌బ్యాక్ గాడే.

#16 సుబ్బలక్ష్మి_పిన్ని

ఫ్లాష్‌బ్యాక్ కాదు నాయనా, ప్రేమ. అది వర్తమానం.

#17 డల్లాస్_చెట్టుకింద

ఆలస్యంగా వచ్చాను. ఇందాకటి నుంచి ‘దొరదొంగ’ అంటూ పోతున్నారు గానీ రాసినాయన సంగతి ఎవరూ ఎత్తలేదు.

చార్టరిస్ పుట్టింది సింగపూర్‌లో, 1907లో. నాన్న చైనీయుడు, డాక్టరు. అమ్మ ఇంగ్లిష్ ఆవిడ. పుట్టినప్పుడు ఇంటిపేరు బోయర్-యిన్. కేంబ్రిడ్జిలో చేరి, ఏడాది తిరక్కుండానే మొదటి నవల అమ్ముడుపోయిందని చదువు మానేశాడు. తర్వాత రబ్బరు తోటల్లో, తగరం గనుల్లో పనిచేశాడు, బస్సు నడిపాడు, బార్లో మందు పోశాడు. 1932లో అమెరికా వచ్చాడు.

ఇక్కడే ఉంది అసలు కథ. చైనా వాళ్లు రాకూడదని అమెరికాలో 1882 నుంచి చట్టముండేది. సగం రక్తం తూర్పుదేశాలది కాబట్టి అది ఇతనికీ వర్తించింది. శాశ్వత నివాసం ఇవ్వలేదు. 1935లో వచ్చిన ‘ది సెయింట్ ఇన్ న్యూయార్క్’ ఇక్కడ బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది, 1938లో దాన్ని సినిమా తీశారు. పేరుంది, డబ్బుంది, ఇంటింటా పుల్లబొమ్మ ఉంది, ఆ బొమ్మ గీసినవాడు మాత్రం ఆరేసి నెలల తాత్కాలిక వీసా పొడిగించుకుంటూ బతికాడు. చివరికి అతనికీ అతని కూతురికీ ఉండే హక్కివ్వడానికి అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సొచ్చింది. పౌరసత్వం వచ్చింది 1946లో.

నేనిక్కడ పదమూడో ఏడు. గ్రీన్‌కార్డ్ క్యూలో నా ముందెంతమందో నాకే తెలీదు. ఏ ఆఫీసు కాగితమడిగినా, ఏ అధికారి ఎదురుపడినా నవ్వుతూ పొట్టలో పొడిచి వెళ్లిపోయే సైమన్ టెంప్లర్‌ని ఆ మనిషి ఎందుకు రాసుకున్నాడో నాకు బాగా అర్థమవుతుంది. గట్టు గారు అంటున్న సరదా ఊరికే పుట్టిన సరదా కాదేమో.

#18 కాకతీయ_కుర్రోడు

డల్లాస్ అన్నా, గుండెల తాకింది. గాని ఒకటి చెప్పాలె. నువ్వు చెప్పినంక ‘ఎంటర్ ది సెయింట్’ ఇవాళ తెరిచిన. నల్లోళ్ల గురించి, విదేశపోళ్ల గురించి ఆ పాత బుక్కులల్ల రాసిన మాటలు చదువుతాంటే ఒళ్లు మండింది. తనే ఆ దెబ్బ తిన్నోడు గట్లెట్ల రాసిండు?

#19 డల్లాస్_చెట్టుకింద

నిజమే తమ్ముడూ, వెనకేసుకురాను. ఇరవై మూడేళ్లవాడు, ఆ కాలం పత్రికల భాష, ఇవన్నీ కారణాలే గానీ క్షమాపణలు కావు. అటకమీదిపెట్టె గారూ, అమ్మాయికి ఆ సంగతి ముందే చెప్పి ఇవ్వండి. దాచిపెట్టి ఇస్తే తనే పట్టుకుంటుంది, అప్పుడు మీ మీద కోపమొస్తుంది.

#20 లాపాయింటు (గుంటూరు)

వృత్తిరీత్యా ఒక్క మాట. సెయింట్ దోచినదంతా ఉంచుకోడు. తొలి పుస్తకాల్లో అతనికొక రివాజుంది: వసూలు చేసినదాంట్లో పది శాతం తన కూలీ, తక్కినది మోసపోయినవాళ్లకో ఆస్పత్రులకో దానం. చట్టం దృష్టిలో తొంభై శాతం దానం చేసినా దొంగతనం నూరు శాతమే. అయినా మా వృత్తిలో కొందరి ఫీజు చూశాక సెయింట్ చవకే అనిపిస్తుంది.

ఇంకోటి, ఎవరైనా తెలుగు చేద్దామనుకుంటున్నారేమో. చార్టరిస్ పోయింది 1993లో. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు హక్కులుంటాయి, అంటే 2053 చివరిదాకా ఆగాలి, లేదా అనుమతి తెచ్చుకోవాలి. ఫ్రెంచివాళ్ల ఆర్సెన్ లుపాన్ కథలైతే ఆ బెడద లేదు. మారిస్ లెబ్లాంక్ 1941లోనే పోయాడు.

#21 పాతపుస్తకాల_పిచ్చి

లుపాన్ పేరెత్తారు గనక చెప్తాను, సెయింట్ కంటే ముందొచ్చినవాడు అతను. 1905 జులైలో ఫ్రెంచి పత్రికలో మొదటి కథ. ఆ మొదటి కథలోనే అరెస్టయిపోతాడు! హీరోని జైల్లో వేసి సీరీస్ మొదలుపెట్టిన మొనగాడు లెబ్లాంక్. తర్వాత షెర్లాక్ హోమ్స్‌ని తెచ్చి లుపాన్ చేతిలో తిప్పలుపెట్టాడు, కోనన్ డాయిల్ ఒప్పుకోకపోతే పేరులో అక్షరం అటూ ఇటూ మార్చి హెర్లాక్ షోమ్స్ చేశాడు. 2021లో ఒమర్ సీ వేసిన నెట్‌ఫ్లిక్స్ సీరియల్ చూసినవాళ్లుంటారు, అందులో అతను లుపాన్ కాదు, లుపాన్ పుస్తకాలు చదివి పెరిగిన కుర్రాడు.

అంతకుముందు రాఫిల్స్. క్రికెట్ ఆటగాడు, రాత్రిపూట దొంగ. రాసిన హోర్నంగ్ స్వయానా కోనన్ డాయిల్ బావమరిది... కాదు కాదు, డాయిల్ చెల్లెలి మొగుడు. ఇంగ్లిష్‌లో ఒక్క మాటతో పోయేది, మనకి చుట్టరికం సరిగ్గా చెప్పకపోతే పిన్నిగారు బెత్తం తీస్తారు.

నా లెక్కలో ముగ్గురికీ తేడా ఇది. రాఫిల్స్ తన సుఖం కోసం దొంగిలిస్తాడు, దొంగనని లోపల కాస్త కుములుతాడు. లుపాన్ పేరు కోసం దొంగిలిస్తాడు, పేపర్లలో పడకపోతే నిద్రపట్టదు. సెయింట్ దొంగల్నే దొంగిలిస్తాడు.

#22 సుబ్బలక్ష్మి_పిన్ని

తోడల్లుడు అననందుకు సంతోషం.

#23 చిల్లరకొట్టు (నెల్లూరు)

కొత్త సభ్యుణ్ని. ట్రెజరీలో చేసి రిటైరయ్యాను. సెయింట్ ఎవరో నాకు తెలియదు, మా మనవడు ఈ పేజీ చూపించి ‘తాతా, 13-5-4 అంటే ఏంటి’ అన్నాడు. అందరూ కథల్లో పడి ఆ పెద్దాయన లెక్క వదిలేశారు.

అది బండి నంబరు కాదు బాబూ. పౌనుకి 13 రూపాయల 5 అణాల 4 పైలు. 1927 నుంచి రూపాయి విలువ 1 షిల్లింగు 6 పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పౌనుకి 240 పెన్నీలు. 240ని 18తో భాగించండి, పదమూడూ ఒకటి బై మూడు వస్తుంది. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, కాబట్టి రూపాయిలో మూడోవంతంటే 5 అణాల 4 పైలు. మా కాలంలో ఇది నోటికొచ్చేది.

ఆ లాయరు గారు పది శాతమన్నారు కదా. 10000 పౌన్లు దోపిడీ, అందులో పదోవంతు 1000, దాన్ని రూపాయల్లోకి మారిస్తే 13333-5-4. మీ తాతగారు సెయింట్ కూలీ కట్టారు.

#24 అటకమీదిపెట్టె

బాబాయిగారూ, చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. ఆయన చాలాసేపు నవ్వి, “మీ తాతకి అప్పట్లో జీతం నూటపాతిక రూపాయలు రా” అన్నారు. అమ్మాయి వెంటనే కాగితం తీసింది. 13333 రూపాయలంటే దగ్గర దగ్గర తొమ్మిదేళ్ల జీతం. ఒక్క కథకి.

నిన్న రాత్రంతా అన్ని పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాం. ప్రతి కథకీ కట్టారు. ఎంత దోచాడో రాయని కథల కింద ప్రశ్నార్థకం పెట్టారు. ‘సెయింట్ ఇన్ న్యూయార్క్’ చివర లెక్క వేరేలా ఉంది. అక్కడ 4-12-2 అనుంది. దాని పక్కన తెలుగులో ఒక్క మాట, తాతయ్య రాసిన ఒకే ఒక్క మాట: “పది శాతమేనా?”

#25 పాతపుస్తకాల_పిచ్చి

అందులో ఒక ముసలాయన సెయింట్‌కి పది లక్షల డాలర్లిస్తానంటాడు, న్యూయార్క్ ముఠానాయకుల్ని వరసగా లేపెయ్యమని. అది దోపిడీ కాదు, సుపారీ. పది శాతం లెక్క అక్కడ కుదరదు. మీ తాతగారికి అక్కడ అనుమానమొచ్చిందంటే ఆయన మాకంటే బాగా చదివినట్టు. తర్వాతి పుస్తకాల్లో ఆ పది శాతం మాట పెద్దగా వినబడదు కూడా.

#26 చిల్లరకొట్టు

4-12-2 డాలరు రేటు. 1949 సెప్టెంబరులో పౌనుతోపాటు రూపాయి విలువా తగ్గించారు, డాలరు మూడు రూపాయల చిల్లర నుంచి 4 రూపాయల 12 అణాల 2 పైలకి వెళ్లింది. పౌను రేటు మారలేదు. కాబట్టి ఆ పుస్తకం ఆయన చదివింది 1949 తర్వాత. అణాలు, పైలు రాశారు గనక 1957లో నయాపైసలు రాకముందు అయ్యుండాలి, అయితే అలవాటు మానని మనిషైతే చెప్పలేం.

#27 గోదారిగట్టు

డిటెక్టివ్ నవలల చర్చలో నిఖార్సయిన డిటెక్టివ్ ట్రెజరీ నుంచి వచ్చాడు. టీల్ గారు వింటున్నారా?

#28 అటకమీదిపెట్టె

బాబాయిగారూ, ఇంకొకటి దొరికింది. అమ్మాయే పట్టింది. రైల్వే ఫారం అట్ట కుట్టిన పుస్తకాల్లో ఒకదాని లోపల 13-5-4 కొట్టేసి పక్కన 21 అని ఉంది. పెన్సిల్ వేరు, చెయ్యి కొంచెం వణికినట్టుంది.

#29 చిల్లరకొట్టు

1966 జూన్. రూపాయి విలువ మళ్లీ తగ్గించారు, పౌను 21 రూపాయలైంది. అంటే అదే పుస్తకం పదేళ్ల తర్వాత మళ్లీ తీసి, కొత్త రేటుకి సెయింట్ కూలీ సవరించారు.

#30 కాకతీయ_కుర్రోడు

నాకు తాతయ్యనే సెయింట్ లెక్క కొడ్తాండు ఇప్పుడు.

#31 పాతపుస్తకాల_పిచ్చి

అటకమీదిపెట్టె గారూ, దయచేసి ఆ పుస్తకాలు ఎవరికీ అరువివ్వకండి. నాకు కూడా. నేనే మీ ఊరొచ్చి మీ వరండాలో కూర్చుని చదివి వెళ్లిపోతాను.

#32 అటకమీదిపెట్టె

తప్పకుండా రండి, భోజనం మా ఇంట్లోనే. అమ్మాయి ఇప్పుడు ‘ఎంటర్ ది సెయింట్’లో ఉంది, డల్లాస్ గారు చెప్పిన సంగతి ముందే చెప్పి ఇచ్చాను. ఆ 21 కింద ఇవాళ్టి పౌను రేటు తను రాస్తానంది. వద్దన్నాను. పొద్దున చూస్తే రాసేసి ఉంది.

#33 పాతపుస్తకాల_పిచ్చి

పెన్సిలేనా?

#34 అటకమీదిపెట్టె

పెన్సిలే. తాతయ్య కళ్లజోడు డబ్బాలో దొరికిన ముక్క.